నిద్ర లేపే ఉద్యోగం

పొద్దున్నే మా పేటలో ఎవరింటి ముందైనా "ఏరా, ఉన్నావా, పోయావా?" అని కేక వినపడిందంటే అది కండక్టరక్కే. పోయావా అంటే పనికి పోయావా అని కాదు ఆవిడ ఉద్దేశం. అలా అడిగితే బతికే ఉన్నానని చెప్పడానికైనా లేస్తారని ఆవిడ నమ్మకం.

ఆవిడ ఉద్యోగమే అది, పిల్లల్ని నిద్ర లేపడం. పిల్లలంటే ఉయ్యాల్లో పిల్లలు కాదు. మీసాలొచ్చిన మగపిల్లలు, తల్లిని మించి పొడుగెదిగిన ఆడపిల్లలు. చదువు మధ్యలో ఆగిపోయి, ఇంట్లో దారి చూపించే దిక్కు లేక, ఏదో ఒక పని నేర్చుకుంటామని మా సంఘంలో చేరి, తెల్లారేసరికి ఆ సంగతి మరిచిపోయేవాళ్లు.

మా సంఘానికి టైర్ల కొట్టు పైన రెండు గదులున్నాయి. కింద సుత్తి దెబ్బ పడ్డప్పుడల్లా పైన నేను చెప్పే లెక్కల పాఠం అదిరిపడుతుంది. సాయంత్రాలు చదువులు చెప్పడం, పగలు పని నేర్పేచోటికి పంపడం, ఇంట్లో తాగి గొడవ చేసే తండ్రులతో మాట్లాడడం, గడవని ఇళ్లకి సరుకులు చేర్చడం, అన్నీ ఆ రెండు గదుల్లోంచే జరగాలి. నడిపేది పళ్ల డాక్టరమ్మ. జీవితమంతా జనం చేత నోళ్లు తెరిపించిన మనిషి, తన నోరు మాత్రం తెరవదు. ఎవరేం చేసినా "ఓపిక పట్టాలమ్మా" అంటుంది. ఆ మాట వినగానే కండక్టరక్కకి ఉన్న ఓపిక కూడా పోతుంది.

వీళ్లిద్దరికీ పరిచయం బస్సులోనే. అక్క అప్పట్లో బస్సు కండక్టరు. ఒకసారి డాక్టరమ్మ సీట్లోనే నిద్రపోయి, తన స్టాపు దాటిపోయి, చివరి స్టాపు దాకా వెళ్లిపోయిందట. "అమ్మా, బస్సు కూడా పడుకోబోతోంది, మీరు దిగండి" అన్న కేకకి ఉలిక్కిపడి లేచింది. తర్వాత కొన్నాళ్లకి డ్రైవరే టికెట్లిచ్చే బస్సులొచ్చాయి. కండక్టర్లందర్నీ ఇంటికి పంపేశారు. సంఘంలో చేరిన పిల్లలు ఎంతకీ పనికి వెళ్లట్లేదని తల పట్టుకుని కూర్చున్న డాక్టరమ్మకి ఆ కేక గుర్తొచ్చింది. వెతికించి మరీ పిలిపించింది.

భర్త పోయినా అక్క అత్తగారితోనే ఉంటోంది. ఉద్యోగం వచ్చిందని చెప్తే ముసలావిడ చెవులు రిక్కించి వింది.

"ఊళ్లోవాళ్లని లేపినందుకు జీతమా? మా కాలంలో కోడి ఊరికే లేపేదే."

"కోడి కూసి ఊరుకుంటుంది అత్తయ్యా. లేచారో లేదో చూడదు. నేను చూడాలి" అంది అక్క.

చూడడంలోనే ఉంది తంటా అంతా. ఒకడు లేచి, మొహం కడుక్కుని, చొక్కా వేసుకుని, అక్క మలుపు తిరగ్గానే ఆ చొక్కాతోనే మళ్లీ పడుకునేవాడు. ఒకమ్మాయి తలుపు వెనక నుంచి "స్నానం చేస్తున్నానక్కా" అనేది. చెంబు చప్పుడు వినపడేది కూడా. తీరా చూస్తే మంచం మీద పడుకునే కాలితో చెంబుని తన్నుతోంది. తల్లులు సరేసరి. పిల్లాడు పనికి వెళ్లడం లేదని సంఘానికొచ్చి ఏడ్చేదీ వాళ్లే, లేపడానికి వెళ్తే "పాపం, ఇంకాసేపు పడుకోనీ" అని అడ్డం పడేదీ వాళ్లే. కాకి పిల్ల కాకికి ముద్దు. ముద్దే, కానీ ఆ కాకిపిల్లకి ఎగరడం నేర్పమని కాకే వచ్చి అడుగుతుంటే ఏం చెయ్యాలి?

"బస్సులోనే నయం. దిగనన్నవాడు కూడా ఎక్కడో ఒకచోట దిగేవాడు" అనేది అక్క మెట్లెక్కి వచ్చి, నా ఎదురుగా ఉన్న బల్ల మీద కూలబడి. ఆవిడ తిట్లతోనే మాకు రోజు మొదలయ్యేది.

ఆ తిట్లలో సగం పైగా దుప్పటిగాడికే. అసలు పేరు ఇంకేదో ఉంది. ఎప్పుడు వెళ్లినా దుప్పటి తప్ప మనిషి కనపడకపోవడంతో ఆవిడ పెట్టిన పేరు అది, సందంతా అదే ఖాయమైపోయింది. మంచివాడే. తాగడు, తిరగడు, ఎవరినీ ఒక మాట అనడు. తండ్రి ఎప్పుడో ఇల్లు వదిలి పోయాడు. తల్లి లాండ్రీలో ఇస్త్రీ పని చేస్తుంది. వేడి ఇస్త్రీపెట్టె ముందు నిలబడి నిలబడి ఆవిడ మొహం ఎప్పుడూ కందిపోయి ఉంటుంది. కొడుకు మాత్రం ఒంటిగదిలో ఫ్యాను కింద చల్లగా, చాలా ప్రశాంతంగా ఉంటాడు. నిద్ర నటించేవాణ్ణి లేపలేమంటారు కదా, వీడికి ఆ నటన కూడా రాదు. నిజంగానే నిద్రపోతాడు.

వాణ్ణి బేకరీలో పెట్టారు. వేడి పడలేదన్నాడు. మోటారు షెడ్డులో పెట్టారు. గ్రీజు వాసనకి అన్నం సయించట్లేదన్నాడు. కుట్టుపనికి పంపితే మెడ పట్టేసింది. చివరికి ఆసుపత్రిలో వార్డు పనికి పంపితే మధ్యాహ్నానికల్లా ఇంట్లో ఉన్నాడు.

"ఏమైందిరా?" అనడిగింది అక్క.

"అక్కడ అందరూ పడుకునుంటారక్కా. నన్నొక్కణ్ణే నిలబెడతారు" అన్నాడు, నిజంగా బాధపడుతూ.

ఆ మాట మాకు చెప్తూ అక్క నవ్వాలో ఏడవాలో తెలియక మంచినీళ్ల గ్లాసు గట్టిగా బల్ల మీద పెట్టింది. సగం నీళ్లు నా పుస్తకాల మీద పడ్డాయి. డాక్టరమ్మ "ఓపిక..." అనబోయి, అక్క మొహం చూసి మానేసింది.

తర్వాత లిఫ్టులు బాగుచేసే కంపెనీలో ఒకరికి పని నేర్పుతామన్నారు. అక్కడి ఫోర్‌మన్ ఒకప్పుడు అక్క బస్సులో రోజూ ఎక్కేవాడు. అక్క వెళ్లి బతిమాలింది. ఎవరినీ చెయ్యి చాపి అడగని మనిషి, దుప్పటిగాడి కోసం అడిగింది. "కుర్రాడు కాస్త నెమ్మది, కానీ బుద్ధిమంతుడు. నా పూచీ" అని చెప్పి వచ్చింది. ముందురోజు సాయంత్రం వాడికి వందసార్లు చెప్పింది. వాడూ వందసార్లు తలూపాడు.

పొద్దున వెళ్తే దుప్పటి అలాగే ఉంది.

"లేవరా! ఫోర్‌మన్ గేటు దగ్గర నిలబడి ఉంటాడు."

"ఈ ఒక్కరోజు వదిలెయ్యక్కా" అంది దుప్పటి.

తల్లి లాండ్రీకి బయల్దేరబోతూ ఆగింది. "కాస్త పడుకోనీ అమ్మా. రాత్రంతా దగ్గాడు."

"మొన్న కడుపునొప్పి, నిన్న తలనొప్పి, ఇవాళ దగ్గు! వీడి ఒంట్లో రోగాలు కూడా వంతులవారీగా డ్యూటీ చేస్తున్నాయి. వీడొక్కడే చెయ్యడు!" అంటూ అక్క దుప్పటి పట్టుకుని లాగింది. వాడు అటువైపు నుంచి లాగాడు. నిద్రలో ఉన్నా పట్టు మాత్రం గట్టిది. దుప్పటి చిరిగింది. అక్కడితో ఆగినా బాగుండేది. కానీ ఇన్నాళ్ల కోపం, ఫోర్‌మన్ ముందు పోయే పరువు, అన్నీ కలిసి నోట్లోంచి వచ్చేశాయి.

"నిన్ను మోసి మోసి నీ తల్లి నడుం వంగిపోయింది. రేపు ఆవిడ పోతే మొయ్యడానికైనా లేస్తావా, లేక ఆరోజు కూడా ఈ ఒక్కరోజు వదిలెయ్యమంటావా?"

వాడు లేచి కూర్చున్నాడు. అది చూసే లోపలే తల్లి మధ్యలోకొచ్చి నిలబడింది.

"నా చావు కోరడానికా నువ్వు రోజూ నా గుమ్మం తొక్కుతున్నది? నా బిడ్డ నా ఇంట్లో పడుకుంటే నీకెందుకు కడుపుమంట? నడువ్ బయటికి!"

సందులో తలుపులన్నీ తెరుచుకున్నాయి. రోజూ ఎంత అరిచినా తెరుచుకోని తలుపులు కూడా ఆరోజు తెరుచుకున్నాయని అక్క తర్వాత చెప్పింది.

ఇస్త్రీ ఆవిడ పని మానుకుని సంఘానికొచ్చి డాక్టరమ్మ ముందు ఏడ్చింది. కండక్టరక్క కిటికీ దగ్గర చేతులు కట్టుకుని నిలబడింది. ఆ తల్లి వెళ్లాక డాక్టరమ్మ నెమ్మదిగా అంది, "తల్లి కదమ్మా, మనసు నొచ్చుకుంది. నువ్వొకసారి వెళ్లి పొరపాటైందని ఒక్క మాట అంటే పోయేదేముంది?"

"ఏం పోదు డాక్టరమ్మా. నేనే పోతాను" అంది అక్క. సంచి భుజానికి తగిలించుకుని మెట్లు దిగి వెళ్లిపోయింది. మర్నాడు రాలేదు. ఆ తర్వాతా రాలేదు.

ఆవిడ్ని చూద్దామని నేను ఇంటికి వెళ్లాను. ముసలావిడ గుమ్మంలోనే నన్ను పట్టుకుంది.

"మీకు పుణ్యముంటుంది, దీన్ని మళ్లీ తీసుకుపోండి. ఊరందర్నీ లేపి నన్ను పడుకోనిచ్చేది. ఇప్పుడు నా మీద పడింది. తెల్లారకుండానే లే, లే అంటుంది. నన్ను లేపి ఏ ఉద్యోగంలో పెడుతుందో అడగండి."

అక్క లోపల వంటగదిలో డబ్బాలన్నీ కింద పెట్టి తుడుస్తోంది. అవి మురికిగా ఏం లేవు. నన్ను చూసి నవ్వలేదు. టీ మాత్రం పెట్టింది.

"పోనిద్దురూ, వాడు లేవకపోతే మీకెందుకంత మంట?" అన్నాను.

"నాకూ అదే అర్థం కావట్లేదు" అంది. తుడిచే గుడ్డ గట్టిగా పిండింది. "బస్సులో అయితే చివరి స్టాపులో తట్టి లేపి దింపేసేదాన్ని. వాడెటు పోతాడో నాకు అనవసరం. వీళ్లని లేపితే అక్కడితో అవదు. ఎటు పోయాడు, నిలబడ్డాడా, తిన్నాడా, రేపు పోతాడా... నాకు జీతమిచ్చేది లేపడానికే. మిగతాదంతా నేనే నెత్తికెత్తుకున్నాను. తా దూర కంత లేదు, మెడకో డోలు. ఇక నా వల్ల కాదు."

క్షమాపణ సంగతి నేను ఎత్తలేదు. ఎత్తితే ఆ డబ్బాల్లో ఒకటి నా మీదికి వచ్చేదే.

ఈలోపు ఇస్త్రీ ఆవిడ ఇంట్లో ఏం జరిగిందో ఆవిడే చెప్పింది. చెప్పింది ఎవరికో కాదు, కండక్టరక్కకే. ఒక సాయంత్రం రమ్మని పిలవకుండానే ఇంట్లోకొచ్చి, గోడకానుకుని కింద కూర్చుంది. అక్క మొహం తిప్పుకుంది. ముసలావిడే "చెప్పు తల్లీ" అంది.

"నువ్వు రావడం మానేసిన మొదటిరోజు హాయిగా అనిపించింది. పడుకోనీలే అనుకున్నాను. రెండోరోజూ అంతే. ఆ తర్వాత పనికి బయల్దేరుతూ గుమ్మంలో నిలబడి చూశాను. అరిచేవాళ్లు ఎవరూ లేరు. వాడు, ఆ ఫ్యాను, అంతే. నువ్వు తిడుతుంటే నాకు వాడి మీద జాలేసేది. నువ్వు రాకపోయేసరికి వాడెలా ఉన్నాడో నాకు కనపడింది."

"కనపడితే?" అంది అక్క, అటు తిరిగే.

"కనపడితే ఏముంది, నేను మొదలెట్టాను. నీకంటే ఎక్కువే తిట్టాను. పొద్దున వెళ్లేదాకా, సాయంత్రం వచ్చాక కూడా. నువ్వు తిట్టి వెళ్లిపోయేదానివి. నేను ఎక్కడికి పోతాను? నాలుగురోజులకి వాడు తట్టుకోలేక బయటికి పోయాడు."

బయటికైతే పోయాడు కానీ వాడికి పోయే చోటేది? ఎండలో ఆ రోడ్డూ ఈ రోడ్డూ తిరిగాడు. పెద్ద రోడ్డు మీద పరుపుల షాపు ఒకటుంది. తలుపు తీస్తే చల్లగాలి. లోపలికెళ్లి ఒక పరుపు మీద కూర్చున్నాడు. షాపాయన కొనేవాడనుకున్నాడు. వీడు ఒకటి వదిలి ఇంకొకటి, మెత్తంది, గట్టిది, స్పాంజిది, స్ప్రింగుది, అన్నిటి మీదా కూర్చుని, పడుకుని, పక్కకి దొర్లి చూశాడు. అదే సమయానికి ఒక మొగుడూ పెళ్లాం వచ్చి, మెత్తటిది కావాలని ఆయన, గట్టిదే కావాలని ఆవిడ పోట్లాడుకుంటున్నారట. ఆవిడ పరుపు మీద వాలిన తీరు చూసి వీడు పడుకున్నచోటి నుంచే, "అమ్మగారూ, మీరు పక్కకి తిరిగి పడుకుంటారు కదా, మీకే మెత్తటిది కావాలి. ఈ మూలనున్నది పైన మెత్తన, కింద గట్టి. ఇద్దరికీ పడుతుంది" అన్నాడట. వాళ్లు అదే కొనుక్కుని వెళ్లారు. షాపాయన వీణ్ణి లేపి, మర్నాటి నుంచి రమ్మన్నాడు.

"వెళ్తున్నాడా?" అనడిగింది అక్క. ఈసారి ఇటు తిరిగింది.

"షాపు తెరవకముందే వెళ్తున్నాడమ్మా" అని ఏడ్చింది ఇస్త్రీ ఆవిడ. "ఆరోజు నిన్నన్న మాటలు మనసులో పెట్టుకోకు."

"నేనన్నది మాత్రం తక్కువా" అంది అక్క. అదే ఆవిడ క్షమాపణ. అవతలావిడకి అది చాలింది.

మర్నాడు అక్క ఆ షాపుకి వెళ్లింది. నమ్మకం కుదరక వెళ్లిందని నా అనుమానం. దుప్పటిగాడు ఇస్త్రీ చొక్కా వేసుకుని, తల దువ్వుకుని, పరుపు మీద పడుకున్న ఒక ముసలాయన నడుం కింద చెయ్యి పెట్టి చూస్తున్నాడు. "తాతగారూ, ఇక్కడ ఖాళీ వస్తోంది చూడండి. ఇది మీకొద్దు, ఖరీదెక్కువైనా వద్దు" అంటున్నాడు. అక్కని చూసి మొహమంతా నవ్వు చేసుకున్నాడు.

"రా అక్కా, కూర్చో. ఇది చూడు, నీ నడుంకి బాగుంటుంది. ఒకసారి పడుకో."

"పని చేసేచోట పడుకోవడం నీకలవాటేమో, నాకు లేదు" అని అంచు మీద కూర్చుంది. "ఏరా, ఇన్ని చోట్ల పెట్టాను. ఇన్నాళ్లు నీ గుమ్మం ముందు గొంతు చించుకున్నాను. అప్పుడు లేవనివాడివి ఇప్పుడెలా లేస్తున్నావురా?"

వాడు కాస్త ఆలోచించాడు. అబద్ధం చెప్పేంత చురుకుతనం వాడికి లేదు.

"నువ్వు ఎలాగూ వస్తావు కదా అని పడుకునేవాణ్ణక్కా. నువ్వొచ్చాక చూద్దాంలే అనుకునేవాణ్ణి. నువ్వొచ్చాక, రేపు కూడా వస్తావు కదా అనుకునేవాణ్ణి."

అక్క పక్కనే ఉన్న దిండు తీసి వాడి వీపు మీద ఒక్కటేసింది. ముసలాయన బెదిరి లేచి కూర్చున్నాడు.

అక్కణ్ణుంచి నేరుగా మా దగ్గరికే వచ్చింది. "విన్నారా? నేను లేపబట్టే పడుకున్నాడట! నా గొంతు వాడికి జోలపాటయ్యింది! నేను చేసిన ఘనకార్యం ఏమిటయ్యా అంటే ఆ ఉద్యోగం మానెయ్యడం!"

అలా అయితే ఇక ఎవర్నీ లేపకుండా ఉంటే అందరూ బాగుపడాలి కదా? అదీ జరగలేదు. అక్క రాని ఆ రోజుల్లో బేకరీకి వెళ్లే పిల్ల మానేసింది. దుప్పటిగాడి తర్వాత మోటారు షెడ్డులో చేరిన కుర్రాడు మానేశాడు. చెంబు తన్నే అమ్మాయికి ఇప్పుడు చెంబు తన్నే శ్రమ కూడా తప్పింది. వాళ్ల తల్లులెవరూ ఇస్త్రీ ఆవిడలా గుమ్మంలో నిలబడి చూడలేదు. వాళ్లు వెళ్లాల్సిన చోట్ల నుంచి రోజూ మాకు ఫోన్లు. డాక్టరమ్మ తనే వెళ్లి లేపుదామని ఒకపూట ప్రయత్నించింది. తలుపు దగ్గర నిలబడి "బాబూ, లేస్తావా నాన్నా" అంటే లోపల్నుంచి "లేవను" అని మర్యాదగా జవాబొచ్చిందట. తిరిగొచ్చేసింది.

"ఒకడు నేను మానేస్తే లేచాడు. మిగతావాళ్లు నేను మానేస్తే పడుకున్నారు. ఇందులో నన్నేం నేర్చుకోమంటారు?" అని అక్క మా ఇద్దర్నీ నిలదీసింది. మేం ఇద్దరం కిటికీలోంచి బయటికి చూశాం. కింద ఎవరో టైరుకి గాలి కొడుతున్నారు.

డాక్టరమ్మ చాలాసేపటికి నోరు తెరిచింది. "నాకూ తెలియదమ్మా. నువ్వు వస్తే బాగుండును. అంతే."

ఓపిక పట్టమనకుండా ఆవిడ తనకి తెలియదని ఒప్పుకోవడం నేనదే మొదటిసారి వినడం. అందుకో ఎందుకో గానీ, అక్క మర్నాటి నుంచి మళ్లీ వచ్చింది. అయితే కొత్త పద్ధతి పెట్టింది. ఇంట్లోకి వెళ్లదు, దుప్పట్లు లాగదు. సందు చివర నిలబడి ఒక్క కేక. లేచినవాడు లేస్తాడు, లేవనివాడి ఖర్మ వాడిది. మూడోరోజుకే మోటారు షెడ్డువాడింట్లోకి వెళ్లి, వాడి తల కింద దిండు లాగేస్తుంటే నేను కళ్లారా చూశాను. "వీడి సంగతి వేరు" అంది నాకు చెప్పాల్సిన అవసరం లేకపోయినా. ఆ లెక్కన అందరి సంగతీ వేరే.

ఫోర్‌మన్ ఇప్పటికీ ఆవిడతో సరిగ్గా మాట్లాడడు. దుప్పటిగాడు షాపులోనే ఉన్నాడు. అప్పుడప్పుడు ఆలస్యంగా వెళ్తాడని షాపాయన ఫిర్యాదు, కానీ పంపెయ్యడు.

ఇప్పుడు అక్కకి కొత్త తలనొప్పి ఒకటి పట్టుకుంది. టైర్ల కొట్టు వెనక వీధిలో ఒకమ్మాయి. తల్లి లేదు, పిన్ని దగ్గరుంటుంది. కంటి ఆసుపత్రిలో అద్దాలు అమర్చే పని నేర్చుకోవాలి. ఆ పిల్లని లేపక్కర్లేదు. అక్క వెళ్లేసరికే తల దువ్వుకుని, చెప్పులేసుకుని, సంచి ఒళ్లో పెట్టుకుని గడప మీద కూర్చుని ఉంటుంది. కానీ అక్కణ్ణుంచి కదలదు. భయమా అంటే కాదంటుంది. ఎవరైనా ఏమన్నా అన్నారా అంటే లేదంటుంది. గొంతు పెంచితే సంచి ఇంకా గట్టిగా పట్టుకుంటుంది. అరవడం తప్ప ఇంకో విద్య రాని కండక్టరక్కకి ఇది పెద్ద పరీక్ష.

"నిద్రపోయేదాన్ని లేపమంటే లేపుతాను. మెలకువగా ఉన్నదాన్ని ఏం చెయ్యను?" అని రోజూ వచ్చి మా ప్రాణాలు తోడేస్తోంది.

నిన్న పొద్దున ఆ వీధిలోంచి వస్తుంటే చూశాను. అక్క కూడా ఆ గడప మీదే, ఆ పిల్ల పక్కనే కూర్చుని ఉంది. మోకాళ్లు నొప్పిగా ఉన్నట్టున్నాయి, రుద్దుకుంటోంది. పని వేళ ఎప్పుడో దాటిపోయింది. ఆ పిల్ల ఏదో నెమ్మదిగా చెప్తోంది. అక్క "ఊ... తర్వాత?" అంటోంది, విసుక్కుంటూనే.